తొమ్మిదడుగుల కత్తి

మల్లాపురం మ్యూజియంలో ఉన్న కత్తి పొడవు రెండడుగుల మూడంగుళాలు. ఐదువందల డెబ్భై ఏళ్లుగా ఆ పొడవు గురించి ఎవరూ నొచ్చుకోలేదు. ఆ కత్తి దెబ్బ తిన్నవాళ్లు కూడా పొడవు చాలలేదని అన్నట్టు ఎక్కడా ఆధారాలు లేవు. నొచ్చుకోవడం ‘రుధిర మల్ల’ సినిమా విడుదలైన రెండో ఆదివారం నాడు మొదలైంది.

మ్యూజియం అంటే పెద్దదేం కాదు. పాత ముసాఫరుఖానాలో మూడు గదులు. మొదటి గదిలో కత్తి, రెండో గదిలో కుండపెంకులు, మూడో గదిలో మనిషెత్తు శాసనం. చూసుకోవడానికి ఇద్దరే మనుషులు. అసిస్టెంట్ క్యూరేటర్ భుజంగరావు పాత లిపి చదవగలడు, రిటైర్మెంటుకు పద్నాలుగు నెలల దూరంలో ఉన్నాడు. అటెండరు మస్తాన్‌బీకి ఏ లిపీ రాదు. కానీ ఊడ్చేదీ, టిక్కెట్లు చింపేదీ, వచ్చినవాళ్లకు గదులు తిప్పి చూపించేదీ ఆమే. ఇరవై రెండేళ్లుగా భుజంగరావు చదువుతుంటే విని విని శాసనం మొత్తం ఆమెకు కంఠతా వచ్చేసింది.

శాసనంలో ఉన్న సంగతి చిన్నదే. చిట్టేరు వాగుకు ఇవతల మల్లాపురాన్ని మల్లభూపతీ, అవతల గంగపాలేన్ని గంగదేవుడూ ఏలేవారు. ఒక ఎండాకాలం కాలువ నీటి దగ్గర తగువొచ్చింది. తూము దగ్గర పూటన్నర కొట్టుకున్నారు. గొల్ల పోతన, గొల్ల బయ్యన, చాకలి ఎల్లి అనే ముగ్గురు చచ్చిపోయారు. ముగ్గురి శవాలు చూశాక దొరలిద్దరికీ సిగ్గేసింది. కూర్చుని మాట్లాడుకున్నారు. వారంలో మూడు దినాలు నీళ్లు మల్లాపురానికి, మూడు దినాలు గంగపాలేనికి, ఏడో దినం పశువులకూ చేపలకూ అని రాయి మీద చెక్కించారు. ఈ మాట తప్పినవాడు గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతాడని కింద రాయించారు. ఆ తర్వాత ఇద్దరూ ఇంకో ముప్పై ఏళ్లు బతికి, మంచాల మీద పోయారు. ఆ నీళ్ల వంతు నేటికీ నడుస్తోంది. రాయి చదివి కాదు, అలవాటుగా.

సినిమా మొదలుపెట్టే ముందు దర్శకుడు నిశ్చల్ స్వయంగా మల్లాపురం వచ్చాడు. నిశ్చల్ సినిమాల్లో ఏ వస్తువూ అర నిమిషం లోపు నేల మీద పడదు. నుదుటి నుంచి రాలిన రక్తపుబొట్టు మట్టిని తాకేలోగా కథానాయకుడి బాల్యం, తల్లి, ఒక డేగ, ఒక జెండా, రెండు పాటల పల్లవులు వచ్చి వెళతాయి. జనానికి అదే ఇష్టం. భుజంగరావు అతనికి రెండు గంటలపాటు శాసనం అక్షరం అక్షరం చదివి వినిపించాడు. నిశ్చల్ కళ్లు మూసుకుని విన్నాడు.

“ముగ్గురేనా సార్?” అన్నాడు చివరికి.

“ముగ్గురే.”

“రాజులెవరూ పోలేదా?”

“పోలేదండీ.”

నిశ్చల్ లేచి, భుజంగరావు భుజం మీద చెయ్యి వేసి, “మీరు బాధపడకండి. నేను చూసుకుంటాను,” అన్నాడు.

చూసుకున్నాడు. సినిమాలో ముగ్గురు మూడువేలయ్యారు. కాలువలో పదకొండు నిమిషాలు రక్తం పారింది. మల్లభూపతి తొమ్మిదడుగుల కత్తితో నరికిన గంగదేవుడి తల గాలిలో ఏడుసార్లు తిరిగింది. ఒక్కో చుట్టుకూ అతని పాపం ఒకటి తెర మీద కనిపించింది. ఏడో చుట్టు దగ్గర ప్రతి హాల్లోనూ జనం కుర్చీలెక్కి కాగితాలు చించి ఎగరేశారు. మస్తాన్‌బీ కూడా టౌనుకు వెళ్లి చూసొచ్చింది. ఎలా ఉందని భుజంగరావు అడిగాడు.

“తల తెగినాక నేను బయటికి పోయి టీ తాగొచ్చా సార్. వచ్చి చూస్తే ఇంకా పైనే ఉంది,” అంది.

రెండో ఆదివారం మ్యూజియానికి పద్నాలుగు వందల మంది వచ్చారు. అంతకుముందు ఏడాది మొత్తం మీద వచ్చినవాళ్లు అంతకన్నా తక్కువే. దూరప్రాంతం నుంచి కుటుంబంతో వచ్చిన ఒక పెద్దమనిషి అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“అసలు కత్తి ఎక్కడ?” అని అడిగాడు.

“ఇదే సార్,” అంది మస్తాన్‌బీ.

“ఇది కూరగాయలు కోసేదిలా ఉంది. అసలుది చూపించండి.”

“కూరగాయలకి ఇంత పొడుగెందుకు సార్? ఇదే అసలుది.”

ఆ సాయంత్రమే అతను ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టాడు. కత్తిని చూసి తన ఇద్దరు కూతుళ్లూ ఏడ్చారనీ, తన మనోభావాలు సుమారు ఆరడుగుల తొమ్మిదంగుళాల మేర దెబ్బతిన్నాయనీ రాశాడు. తొమ్మిదిలోంచి రెండడుగుల మూడంగుళాలు తీసేస్తే వచ్చేది అంతే. లెక్క తెలిసిన మనిషి.

పది రోజుల్లో వారసత్వ వినోద శాఖ నుంచి మెమో వచ్చింది. ‘విషయము: మల్లాపురం ప్రదర్శనశాల యందు గల ఖడ్గము – పొడవు లోపము – సంజాయిషీ కోరుట – గురించి’ అని పైన ఉంది. తాను చార్జి తీసుకున్ననాటికి కూడా ఖడ్గం పొడవు ఇంతేననీ, తన హయాంలో ఒక్క అంగుళం కూడా తగ్గలేదనీ భుజంగరావు జవాబు రాశాడు. దానికి రెండో మెమో వచ్చింది. ‘తమరు సమర్పించిన సంజాయిషీ చారిత్రకముగా సంతృప్తికరముగా ఉన్నను, అనుభూతిపరముగా అసంతృప్తికరముగా ఉన్నది.’

మెమో వెనకాలే డిప్యూటీ డైరెక్టర్ వైకుంఠరావు నలుగురు సభ్యుల కమిటీతో కారు దిగాడు. కమిటీ పేరు ‘చారిత్రక అనుభూతి సమన్వయ సంఘం’. వైకుంఠరావు సఫారీ సూటు వేసుకుంటాడు, ప్రతి వాక్యాన్నీ ఫైల్లో రాస్తున్నట్టు మాట్లాడతాడు. కత్తిని అన్నివైపుల నుంచీ పరిశీలించి పెదవి విరిచాడు.

“చూడండి భుజంగరావుగారూ! చరిత్ర అనేది ప్రజలకు ప్రభుత్వం అందించే ఒక సేవ. సేవ అన్నాక లబ్ధిదారుడుంటాడు. లబ్ధిదారుడు తొమ్మిదడుగులు ఆశించి వచ్చినప్పుడు మనం రెండడుగుల మూడంగుళాలు పంపిణీ చేయడం సేవాలోపం కిందికి వస్తుంది.”

“కానీ సార్, అసలు కత్తి ఇదేకదా.”

“అసలుదా కాదా అన్నది ఉత్పత్తిదారుడి దృక్పథం. మనం వినియోగదారుడి వైపు నుంచి ఆలోచించాలి.”

వారం తిరగకుండా సినిమాలో వాడిన తొమ్మిదడుగుల ఫైబరు కత్తి లారీలో వచ్చింది. అద్దాల పెట్టె చాలక గోడకు మేకులు కొట్టి వేలాడదీశారు. పాత కత్తిని పారేయాలని ఒక సభ్యుడు అన్నాడు గానీ, పురావస్తువును పారేయడానికి నిబంధనలు ఒప్పుకోవని వైకుంఠరావు వారించాడు. అతను చట్టానికి భయపడే మనిషి. కొంచెం ఆలోచించి దాని కింద కొత్త చీటీ రాయించాడు: ‘శ్రీ మల్లభూపతి వారు పసితనమున ఆడుకొనిన ఖడ్గము.’

జనం పొంగిపోయారు. ఫిర్యాదు చేసిన పెద్దమనిషి కుటుంబంతో మళ్లీ వచ్చాడు. ఆడపిల్లలిద్దరూ చిన్న కత్తిని చూసి, “అయ్యో, ఎంత ముద్దుగా ఉందో!” అన్నారు.

ఒక శాఖలో ఒక పని విజయవంతమైతే దాన్ని అంతటితో వదిలేయడం జరగదు. తర్వాత వచ్చిన సర్క్యులరు కథన వేగం గురించి. సందర్శకులు సినిమాలో నెమ్మదిగా చూసిన యుద్ధాన్ని మ్యూజియంలో గబగబా చెప్పడం వల్ల నిరుత్సాహపడుతున్నారని కమిటీ కనిపెట్టింది. ఇకమీదట చూపించేవారు ‘యుద్ధం’ అన్న మాట తర్వాత ఎనిమిది సెకన్లు ఆగాలి. ‘కత్తి ఎత్తి’ అన్నప్పుడు ఎత్తిన చెయ్యి దించడానికి పదిహేను సెకన్లకు తగ్గకుండా తీసుకోవాలి. దీని మీద జిల్లా కేంద్రంలో మూడు రోజుల శిక్షణ జరిగింది. మస్తాన్‌బీ వెళ్లి సర్టిఫికెట్‌తో తిరిగొచ్చింది.

ఆమె మనసు పెట్టి పనిచేసే మనిషి. బాలికల హైస్కూలు నుంచి పిల్లలొచ్చిన రోజున చెప్పినదంతా తు.చ. తప్పకుండా చేసింది. మొదటి గదిలోనే గంటన్నర పట్టింది. ఆమె చెయ్యి సగం దిగేసరికి పిల్లలు భోజనానికి వెళ్లిపోయారు.

“రాయి దాకా ఎవురూ రావట్లా సార్,” అని ఆమె భుజంగరావుతో మొరపెట్టుకుంది. “కత్తి కాడే పొద్దుపోతంది. ఆ చచ్చిపోయినోళ్ల పేర్లు చెప్పి నెలయింది. నోట్లో నానకపోతే నేను మర్చిపోతానేమో.”

ఆ తర్వాత ఈలల రిజిస్టరు వచ్చింది. తేదీ, సమయం, గది నంబరు, ఈలల సంఖ్య, ఈలకు ప్రేరణ అని అయిదు గడులు. ప్రేక్షక స్పందనను బట్టి గదులకు గ్రేడు ఇస్తారట. కత్తి గదికి రోజుకు మూడు వందల దాకా ఈలలు నమోదయ్యేవి. కుండపెంకుల గదిలో నెల మొత్తానికి ఒక్కటే పడింది. అదీ ఎవరో బయట ఉన్న స్నేహితుణ్ణి పిలవడానికి వేసింది. ‘ప్రేరణ’ గడిలో భుజంగరావు ఆ సంగతి నిజాయితీగా రాయడంతో దాన్నీ కొట్టేశారు. పెంకులను సంజాయిషీ అడిగే వీలు నిబంధనల్లో లేకపోవడంతో గదికి తాళం వేశారు.

ఇంతవరకూ జరిగినదాని వల్ల ఎవరి ఒంటి మీదా గీత పడలేదు. గొడవ గంగపాలెం వైపు నుంచి మొదలైంది.

గంగపాలెంలో ఓబులేసు అనే ఆటోడ్రైవరు ఉన్నాడు. పదేళ్లుగా రెండూళ్ల మధ్య ఆటో తిప్పుతున్నాడు. మస్తాన్‌బీ పనికొచ్చేదీ అతని ఆటోలోనే. సినిమా వచ్చినప్పటి నుంచి మల్లాపురంలో ఆటో ఎక్కినవాళ్లు, “ఏం ఓబులేసా, మీవోడి తల మాదిరి ఏడుచుట్లు తిప్పుతావా ఏంది?” అనడం మొదలుపెట్టారు. మొదట్లో అతనూ నవ్వాడు. బళ్లో తన కూతురికి ‘గంగదేవుని శిరస్సు గాలిలో ఎన్ని పర్యాయములు తిరిగినది? కారణములు వివరింపుము’ అని నాలుగు మార్కుల ప్రశ్న వచ్చిన రోజున నవ్వడం మానేసి, నేరుగా భుజంగరావు దగ్గరికి వచ్చాడు.

“సార్, మీరు సదువుకున్నోళ్లు. మా గంగదేవుడు అంత దుర్మార్గుడా?”

భుజంగరావు అతన్ని మూడో గదికి తీసుకెళ్లి మొత్తం చదివి వినిపించాడు. ఓబులేసు రాయిని ఫోటో తీసుకుని సంతోషంగా వెళ్లాడు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు, మొహం వేలాడేసుకుని.

“చూపిచ్చినా సార్. ఎవురూ నమ్మట్లా. ‘ఈ రాయికి డైరెక్టరెవురు?’ అని అడగతన్నారు.”

గంగపాలెం పెద్దలు శాఖకు అర్జీ పెట్టుకున్నారు. కమిటీ ఆ అర్జీని ఎంతో సానుభూతితో పరిశీలించింది. ఉభయ గ్రామాల మనోభావాలనూ సమతూకంలో ఉంచడం శాఖ బాధ్యత కనుక, గంగదేవుడికి ఒక ఫ్లాష్‌బ్యాక్ మంజూరు చేసింది. ఏడో ఏట ఒక అవమానం జరిగేవరకూ అతను చాలా మంచివాడని గేటు పక్కన బోర్డు పెట్టారు. గంగపాలెం తృప్తిపడలేదు. మా తల ఒకటి పోయినప్పుడు వాళ్లవీ పోవాలి కదా అన్నారు. కమిటీ మళ్లీ కూర్చుంది. చర్చించి, మల్లాపురం వైపు నుంచి పేర్లు లేని రెండు తలలను మంజూరు చేస్తూ, ‘ఒక్కొక్కటి మూడు చుట్లకు మించరాదు’ అని షరతు పెట్టింది. ఇది విని మల్లాపురం వాళ్లకు రోషం వచ్చింది. అప్పటిదాకా పెళ్లిళ్లకూ చావులకూ వచ్చిపోయే రెండూళ్లు మాట్లాడుకోవడం తగ్గించాయి.

ఈ పరిస్థితుల్లో శాఖ ‘రుధిర విజయోత్సవం’ ప్రకటించింది. తూము దగ్గరే వేదిక. రెండు వందల మంది వేషాలతో యుద్ధాన్ని మళ్లీ ఆడి చూపిస్తారు. నిశ్చల్ ముఖ్య అతిథి. యుద్ధం అయ్యాక శాసనానికి ‘సవరించిన అనువాదాన్ని’ భుజంగరావు మైకులో చదవాలి. ఆ మాట చెప్పడానికి వైకుంఠరావు మళ్లీ వచ్చాడు.

“రాయి మీద అలా లేదు సార్,” అన్నాడు భుజంగరావు.

“రాయిని మేం ముట్టుకోం. అది రక్షిత కట్టడం. అనువాదం మాత్రమే సవరిస్తున్నాం. ఇంతకీ ఆ లిపి చదవగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారు?”

“ఈ చుట్టుపక్కల నేను. నెల్లూరులో ఒక మాస్టారు.”

“ఆయన ఆరోగ్యం ఎలా ఉంది?”

“మొన్న పోయారు సార్.”

వైకుంఠరావు ఒక నిమిషం తల వంచి మౌనం పాటించాడు. తర్వాత, “అయితే పండితుల్లో ఏకాభిప్రాయం సాధించడం కష్టమేమీ కాదన్నమాట,” అన్నాడు. లేస్తూ లేస్తూ, “మీకు ఇంకా పద్నాలుగు నెలలే కదా? పన్నెండా? మంచిది. ప్రశాంతంగా వెళ్లిపోండి,” అని కూడా అన్నాడు.

భుజంగరావు ఆ అనువాదం రాశాడు. రాయలేదని చెప్పడానికి లేదు. మూడు రోజులు రాయి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ‘మూడువేల మంది’ అని రాసి కొట్టేశాడు. మళ్లీ రాశాడు. మస్తాన్‌బీ తడిగుడ్డతో రాయి తుడుస్తూ అంతా చూసింది.

“ఆ ముగ్గురి పేర్లు ఎక్కడ పెట్టారు సార్ ఇందులో?”

“పెట్టలేదు మస్తాన్‌బీ. మూడువేల మందిలో కలిసిపోయారు.”

ఆమె గుడ్డ పిండి ఆరేసుకుని వెళ్లిపోయింది. అతనికి ఆ పూట అన్నం సహించలేదు.

ఉత్సవం గురువారం నాడు పెట్టారు. గురువారం కాలువ నీళ్లు గంగపాలేనివి. ఆ సంగతి కమిటీలో ఎవరికీ తెలియదు. తెలుసుకునే పద్ధతి కూడా లేదు, ఎందుకంటే అది ఏ ఫైల్లోనూ లేదు, ఒక్క రాయి మీద తప్ప. పొద్దున్నే కాలువలో నాలుగు పీపాల ఎర్రరంగు కలిపారు. పదకొండు గంటలకు ఆ నీళ్లు వెళ్లి గంగపాలెం పొగాకు నారుమళ్లలో పడ్డాయి.

అప్పటికి తూము దగ్గర నాలుగువేల మంది జనం ఉన్నారు. వేషాలు కట్టిన మల్లాపురం వాళ్లు ఫైబరు కత్తులతో ఫోటోలు దిగుతున్నారు. గంగపాలెం నుంచి ముప్పైమంది దాకా మోకాళ్ల దాకా ఎర్రగా తడిసిన కాళ్లతో గట్టు మీదుగా నడిచి వచ్చారు. వాళ్ల కాళ్లు చూసి జనం ఈలలు వేశారు. వేషం బాగా కుదిరిందనుకున్నారు.

“నారంతా పాయె గదరా! మా వంతు నీళ్లలో రంగెవుడు పోయమన్నాడు?” అని గంగపాలెం పెద్దాయన ఒకాయన అరిచాడు.

“గవర్మెంటోళ్లని అడుగుపో! మమ్మల్నంటావేంది?”

“తూము మూసెయ్యండి ముందు!”

“మాకు చెప్పేదానికి నువ్వెవురు? తల తెగినోళ్లు!”

ఎవరో తూము పలకను పట్టుకున్నారు. ఎవరో వాళ్లను నెట్టారు. ఒక రాయి లేచింది. జనాన్ని దింపడానికి ఆటో తెచ్చిన ఓబులేసు నుదుటికి తగిలింది. అతను చప్పుడు చేయకుండా కూర్చుండిపోయి, పక్కకు ఒరిగాడు. అంతా కలిపి ఇరవై సెకన్లు కూడా పట్టలేదు.

తర్వాత జరిగినది ఆ జిల్లాలో మునుపెన్నడూ జరగనిది. కొట్టుకుంటున్నవాళ్లు భయంతో చేతులు దించేశారు. చూస్తున్న నాలుగువేల మంది మాత్రం ఫోన్లు ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నారు. సంగీతం వస్తుందని, పడ్డవాడి బాల్యం వస్తుందని. ఎంతకీ రాకపోయేసరికి వెనకనుంచి ఒకడు, “మళ్లీ ఒకసారి! ఇటు కనపళ్లా!” అని కేకేశాడు.

మస్తాన్‌బీ జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఓబులేసు తల ఒళ్లో పెట్టుకుంది. కొంగు మడిచి నుదుటికి అదిమింది.

“పాటలు రావురా! ఇది నిజం నెత్తురు! ఎవురన్నా బండి తీయండి!”

ఎవరూ కదల్లేదు. వేదిక మీద ముందు వరసలో ఉన్న నిశ్చల్ లేచి నిలబడి కళ్లు చికిలించి చూశాడు. అతను చెడ్డవాడు కాదు. నిజంగానే అర్థం కాక పక్కనున్న వైకుంఠరావును అడిగాడు. “అదేంటి, అయిపోయిందా? ఎవరు ఎవర్ని కొట్టారో కూడా తెలియలేదే! పైగా ఆ రక్తం రంగేమిటి, అంత నల్లగా? ఎవరు నమ్ముతారు?”

భుజంగరావు మైకు దగ్గర ఉన్నాడు. చేతిలో సవరించిన అనువాదం ఉంది. చదవమని వైకుంఠరావు సైగ చేశాడు, జనం దృష్టి మళ్లించడానికి. భుజంగరావు కాగితం వైపు చూశాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అయ్యా, ఇక్కడే ఈ తూము కాడే ఇంతకుముందు ముగ్గురు చచ్చిపోయారు. మూడువేలు కాదు. గొల్ల పోతన. గొల్ల బయ్యన. చాకలి ఎల్లి. వీళ్లకి ఏ డేగా రాలేదు. నీళ్లకోసం కొట్టుకుంటే పోయారు. నాలుగోవాడి పేరు ఓబులేసు అని రాయించొద్దు. దయచేసి ఆటో తీయండి.”

జనం ఈల వేయలేదు. అప్పుడు రాజు వేషంలో ఉన్న ఒక బక్కపల్చని మనిషి కిరీటం తీసి కింద పెట్టి, ఓబులేసు జేబులోంచి తాళం తీసుకుని, అతని ఆటోలోనే అతన్ని ఆసుపత్రికి చేర్చాడు. ఆ బక్కమనిషి మల్లాపురం దర్జీ చెన్నకేశవులు. రాయి విసిరిందీ అతనే. ఆ రెండో సంగతి ఆ క్షణాన మస్తాన్‌బీ తప్ప ఎవరూ చూడలేదు.

ఉత్సవం మీద శాఖ ఇచ్చిన నివేదిక పన్నెండు పేజీలు. అందులో ముఖ్యమైన భాగం ఇది: ‘సదరు ఘర్షణ యందు ఆరంభము, ఉత్కంఠ, విరామము అను దశలు పాటింపబడలేదు. నేపథ్య సంగీతము సమకూర్చబడలేదు. గాయపడిన వ్యక్తి కనీస సంభాషణ కూడా పలుకకుండా పడిపోయినందున ప్రేక్షకులు తీవ్ర నిరాశకు లోనైరి. ఇకమీదట శాఖ ముందస్తు అనుమతి లేని హింసను ప్రోత్సహింపరాదు.’ చివరి పేరాలో, ఉత్సవ అనుభూతికి విఘాతం కలిగించినందుకు భుజంగరావును సముద్రతీరంలోని మరొక మ్యూజియంలో శంఖాల విభాగానికి బదిలీ చేశారు. శంఖాలకు శాసనాలు ఉండవు.

నివేదికలో రాని సంగతి ఒకటుంది. శనివారం పొద్దున రెండూళ్ల పెద్దలూ మ్యూజియానికి వచ్చారు. ఇంకొకరి వంతు నీళ్లు పాడుచేస్తే ఏం చేయాలో రాయి మీద ఉందేమో చూడమన్నారు. భుజంగరావు చదివాడు. పాడుచేసినవాడు తన నారులో సగం ఇవ్వాలని ఉంది. రంగు పోసింది శాఖవాళ్లు గదా అని మల్లాపురం వాళ్లు కొంచెం గొణిగారు గానీ, శాఖకు నారుమళ్లు లేవు కాబట్టి తామే ఇస్తామన్నారు. కపిల గోవు మాట రాకముందే ఒప్పుకున్నారు. మొత్తం రెండు గంటలు పట్టింది. మధ్యలో మస్తాన్‌బీ టీ తెచ్చింది. ఎవరూ ఫోటో తీయలేదు.

బదిలీ మీద వెళ్లేముందు భుజంగరావు మస్తాన్‌బీని వెంటబెట్టుకుని ఓబులేసును చూడటానికి ఆసుపత్రికి వెళ్లాడు. నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి. ప్రాణానికి భయం లేదు. అతని మంచం చుట్టూ వార్డులో నడవగలిగిన రోగులంతా, వాళ్ల చుట్టాలూ మూగి ఉన్నారు. మంచం చివర దర్జీ చెన్నకేశవులు కూర్చుని బత్తాయి తొనలు ఒలుస్తున్నాడు.

“ఏడుగురు,” అంటున్నాడు ఓబులేసు. “ఒక్కోడు తలుపంత ఉన్నాడు. మొదటోడు గొడ్డలెత్తినాడు. నేను చూస్తానే ఉండా. అది నిదానంగా... నిదానంగా వస్తంది. నాకు మా అమ్మ కనపడింది...”

అతని చెయ్యి గాలిలో పైకి లేచి, పదిహేను సెకన్లకు తగ్గకుండా కిందికి దిగింది. సెలైన్ పెట్టించుకుంటున్న ముసలాయన ఒకాయన లేచి కూర్చున్నాడు. ఏడోవాడు పడిపోయేసరికి మూలమంచం దగ్గర్నుంచి ఈల వినిపించింది. చెన్నకేశవులు కన్నార్పకుండా వింటూ, “అబ్బా! ఏడుగురే!” అన్నాడు. ఒలిచిన తొన ఓబులేసు నోట్లో పెట్టాడు.

నర్సు వచ్చి అందర్నీ వాళ్ల మంచాలకు తరిమేసింది. భుజంగరావు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

“అసలేం జరిగింది ఓబులేసూ?” అన్నాడు మెల్లగా.

ఓబులేసు అటూ ఇటూ చూశాడు. మస్తాన్‌బీ వైపు చూశాడు. చెన్నకేశవులు తల వంచుకుని బత్తాయి తొక్కలు ఏరుతున్నాడు.

“ఏం జరగలా సార్. చెప్పు తెగితే వంగినా. ఏందో తగిలింది. కళ్లు తెరిస్తే ఈడున్నా. మొదటిరోజు ఇట్టనే చెప్పినా సార్. పక్క మంచమోడు అటు తిరిగి పడుకున్నాడు.”

భుజంగరావు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, తేదీ వేసి, రాయడం మొదలుపెట్టాడు. గురువారం, తూము దగ్గర, చెప్పు తెగి వంగినప్పుడు, ఒక రాయి. రాయి విసిరినవాడి పేరు దగ్గర కలం ఆగింది. మస్తాన్‌బీ నోరు విప్పబోయేలోగా చెన్నకేశవులు తలెత్తకుండానే, “నాదే సార్. రాసుకోండి. దర్జీ చెన్నకేశవులు,” అన్నాడు.

ఓబులేసు అతని మోకాలి మీద తట్టాడు. పుస్తకంలోకి మెడ సాచి చూసి, తన పేరు ఒత్తులతో సహా సరిగ్గా ఉందని తృప్తిపడ్డాడు.

“ఉన్నదున్నట్టే రాసుకోండి సార్,” అన్నాడు. “ఈ వార్డులో మాత్రం చెప్పబాకండి. ఇంకా రెండు రోజులు ఈడే ఉండాల నేను.”